పద్దు పోతే రాసుకోవచ్చు, ధాన్యం పోతే?

తెలుగు సినిమాకు పితామహుడని మనం చెప్పుకునే రఘుపతి వెంకయ్యనాయుడు 1869లో పుట్టింది మా బందరులోనే. ఆయనా, ఆయన కొడుకు ప్రకాశూ కలిసి 1921లో తీసిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ను తెలుగువాళ్ల తొలి సినిమాగా లెక్కపెడతారు. ఇవాళ చూద్దామంటే ఒక్క రీలు దొరకదు. 1964లో పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ మొదలయ్యేనాటికే దేశంలో మూకీలు చాలామటుకు పోయాయి. కంపెనీలూ, థియేటర్లూ ఉన్న సినిమాకే ఆ గతి పట్టింది. గుడివాడలో మేడమీద గదిలో మిక్సింగ్ చేసే పెళ్లి వీడియోకు దిక్కెవరు? తీసినవాడూ, తీయించుకున్నవాళ్లే.

వీహెచ్ఎస్ కెమెరా భుజాన మోసిన రోజుల నుంచీ ఈ పనిలో ఉన్నాను. గుడివాడ, బందరు, దివిసీమల్లో పెళ్లిళ్లూ ఓణీల ఫంక్షన్లూ తీశాను. ఇప్పుడు కెమెరా కుర్రాళ్లకు అప్పగించేసి, తెరుచుకోని ప్రాజెక్టులూ బూజు పట్టిన కేసెట్లూ ముందేసుకుని కూర్చుంటున్నాను. అక్కడ తెలిసొచ్చిన సంగతులివి. వృత్తిలో ఉన్నవాళ్లకూ పనికొస్తాయి, ఇంట్లో ల్యాప్‌టాప్ మీద పిల్లల పుట్టినరోజు వీడియోలు కూర్చుకునేవాళ్లకూ పనికొస్తాయి.

1. పోయిందేమిటో ముందు తేల్చుకోండి

ఒకసారి అవనిగడ్డ నుంచి ఒక కుర్రాడు కంప్యూటరు డబ్బా బండి మీద పెట్టుకుని వచ్చాడు.

“గురువుగారూ, ప్రాజెక్టు పోయిందండి. ఎల్లుండి పెళ్లివాళ్లకి వీడియో ఇచ్చెయ్యాలండి.”

“పోయింది ప్రాజెక్టా, ఫుటేజీయా?”

“రెండూ ఒకటే కదండీ?”

“కాదురా. ముందు ఫుటేజీ ఉన్న డిస్కు పెట్టు.”

ఫుటేజీ మొత్తం చెక్కుచెదరకుండా ఉంది. పాడైంది ప్రాజెక్టు ఫైలు ఒక్కటే. దాని సైజు సున్నా చూపిస్తోంది.

ప్రాజెక్టు ఫైలు పద్దు పుస్తకం, ఫుటేజీ గాదెలో ధాన్యం. ఏ క్లిప్పు ఏ ఫోల్డర్‌లో ఉంది, ఎక్కడ కోశాం, ఏ పాట వేశాం అనే లెక్కలే ప్రాజెక్టులో ఉంటాయి. పద్దు పోతే నాలుగు రాత్రులు కూర్చుని మళ్లీ రాసుకోవచ్చు. ధాన్యం పోయాక పద్దు చూసుకుని ఏడవడమే మిగిలేది. చాలామంది ప్రాజెక్టు ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకుని, బ్యాకప్ అయిపోయిందనుకుని నిద్రపోతారు. అది పద్దుకు కాపీ, ధాన్యానికి కాదు.

ఇంకో మాట. టైమ్‌లైన్ మొత్తం ఎర్రబడి, మీడియా ఆఫ్‌లైన్ అని వచ్చినంత మాత్రాన ఏదో పాడైందని కాదు. నిన్న ఈ-డ్రైవ్‌గా ఉన్న డిస్కు ఇవాళ ఎఫ్-డ్రైవ్ అయినా అలాగే వస్తుంది. పాత అక్షరం మళ్లీ ఇస్తే, లేదా ఒక్క క్లిప్పు ఎక్కడుందో చూపిస్తే, మిగతావి వాటంతటవే అతుక్కుంటాయి.

2. కంగారులో ఏ బటనూ నొక్కకండి

పాడైన వీడియోలకంటే పాడైందన్న కంగారులో పాడుచేసుకున్నవి ఎక్కువ. డిస్కు పెట్టగానే విండోస్ ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడుగుతుంది. వద్దనండి. రిపేర్ చేస్తానంటుంది. దానికీ వద్దనండి. చెక్‌డిస్క్ అనేది ఫైళ్ల పట్టికను సరిచేసే పనిముట్టు. కొన ఊపిరితో ఉన్న డిస్కు మీద దాన్ని గంటల తరబడి నడిపితే ఉన్న ఊపిరీ పోతుంది.

డిస్కు టిక్కుటిక్కుమని కొడుతుంటే లోపల హెడ్డు దెబ్బతిందని అర్థం. వెంటనే వైరు తీసెయ్యండి. ఇంకొక్కసారి పెట్టి చూద్దామన్న ఆశే ప్లేటు మీద గీతలు పెట్టిస్తుంది. అలాంటిది ధూళి లేని గదిలో విప్పి చూసే ల్యాబుకే వెళ్లాలి.

శబ్దమేమీ లేకుండా నెమ్మదించిన డిస్కయితే, ముందు దాన్ని మొత్తంగా ఇంకో మంచి డిస్కులోకి ఇమేజ్ తీసుకోవాలి. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము అందుకే పుట్టింది. చదవగలిగిన చోట్లన్నీ ముందు చదివేసి, మొరాయించే చోట్లకు చివర్లో వస్తుంది. ఆ తర్వాత ఏ ప్రయోగం చేసినా ఆ ఇమేజ్ మీదే. అసలు డిస్కు బీరువాలో ఉండాలి.

3. ఆటోసేవ్‌లో కొత్తదాన్ని కాదు, నిండుగా ఉన్నదాన్ని చూడండి

అవనిగడ్డ కుర్రాడి సంగతి పూర్తి చేస్తాను. ప్రీమియర్ ప్రాజెక్టు అది. ఆటోసేవ్ ఫోల్డర్ తెరిచి, ఫైళ్లను తేదీ వరసలో పెట్టి, పక్కనే సైజు గడి చూడమన్నాను. అన్నిటికన్నా కొత్త ఫైలు కూడా సున్నాయే. కరెంటు పోయినప్పుడు రాస్తున్నది అదే కాబోలు. దాని వెనకది నిండుగా ఉంది. దాన్ని నేరుగా తెరవలేదు. కొత్తగా ఖాళీ ప్రాజెక్టు తెరిచి, అందులోకి దీన్ని ఇంపోర్ట్ చేశాం. జీలకర్ర-బెల్లం దాకా ఎడిటింగ్ అంతా వచ్చేసింది. తలంబ్రాలు మాత్రం ఆ రాత్రి కూర్చుని మళ్లీ చేసుకున్నాడు.

ఫైనల్‌కట్ వాడేవాళ్లకు ఇంకో సదుపాయం ఉంది. లైబ్రరీ బయటికి ఒకే ఫైలులా కనిపించినా అది నిజానికి ఫోల్డరే. ప్యాకేజీ లోపలికి వెళ్తే, ఫుటేజీని లైబ్రరీలోకే కాపీ చేసుకుని ఉన్న పక్షంలో, ప్రతి ఈవెంట్‌లోనూ ‘ఒరిజినల్ మీడియా’ అనే ఫోల్డర్ ఉంటుంది. లైబ్రరీ తెరుచుకోకపోయినా అక్కణ్నుంచి ఫుటేజీని బయటికి కాపీ చేసుకోవచ్చు. మూవీస్ ఫోల్డర్‌లో ‘ఫైనల్‌కట్ బ్యాకప్స్’ కూడా వాటంతటవే పడుతుంటాయి. అయితే అవి లెక్కలకే బ్యాకప్పులు, వీడియోకు కాదు. పని నడుస్తున్న లైబ్రరీని క్లౌడ్‌కు సింక్ అయ్యే ఫోల్డర్‌లో పెట్టకండి. సగం ఎక్కి సగం ఎక్కక చిక్కుపడుతుంది.

ఎడియస్ అయినా సూత్రం ఇదే. బ్యాకప్, ఆటోసేవ్ ఫోల్డర్లు ఎక్కడ పడుతున్నాయో పని బాగున్న రోజునే చూసుకోండి. వీలుంటే అవి వేరే డిస్కులో పడేట్టు సెట్ చేసుకోండి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టు పాత వెర్షన్‌లో తెరుచుకోదు కాబట్టి, పెళ్లిళ్ల సీజన్ మధ్యలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ జోలికి పోవద్దు. ఒక్కోసారి జబ్బు ప్రాజెక్టులో కాక క్యాష్ ఫైళ్లలో ఉంటుంది. వాటిని తీసేసినా నష్టం లేదు, మళ్లీ తయారవుతాయి.

4. కార్డును ముందు అదే కెమెరాకు చూపించండి

బ్యాటరీ అయిపోయో, కార్డు ఊడిపోయో రికార్డింగ్ మధ్యలో ఆగితే ఫైలు ఉంటుంది, ఆడదు. ఎంపీ4 ఫైలుకు లోపలి సూచిక రికార్డింగ్ ఆపాకే రాసుకుంటుంది. బొమ్మా, మాటా లోపలే ఉన్నా ఎక్కడేముందో చెప్పే సూచిక ఉండదు. అలాంటి కార్డును కంప్యూటర్‌లో కెలికే ముందు, తీసిన కెమెరాలోనే నిండు బ్యాటరీతో పెట్టి చూడండి. సోనీ లాంటి కెమెరాలు చాలావరకు రిపేర్ చేయమంటారా అని అవే అడుగుతాయి. అది కుదరకపోతే, అదే కెమెరాతో అదే సెట్టింగులో ఇంకో చిన్న క్లిప్పు తీసి, అన్‌ట్రంక్ అనే ప్రోగ్రాముకు నమూనాగా ఇస్తే, దాన్ని చూసి పాడైనదానికి సూచిక కడుతుంది.

పొరపాటున కార్డు ఫార్మాట్ చేశారా? అందులో ఇక ఒక్క షాటు కూడా తీయకండి. మామూలు ఫార్మాట్ చెరిపేది పట్టికనే. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము చాలావరకు తీసుకొస్తుంది, ఫైళ్ల పేర్లు మాత్రం రావు. ఎస్ఎస్‌డీలో చెరిపితే ఈ ఆశ పెట్టుకోవద్దు. ట్రిమ్ అనే ఏర్పాటు ఆ చోటును త్వరలోనే నిజంగా ఖాళీ చేసేస్తుంది.

కాపీ చేసేటప్పుడు కార్డు మొత్తాన్ని ఫోల్డర్లతో సహా దింపుకోండి. భుజం కెమెరాల ఏవీసీహెచ్‌డీ కార్డులో పొడవైన ముహూర్తం షాటు ముక్కలు ముక్కలుగా పడుతుంది. అవన్నీ ఒకటేనని చెప్పే లెక్క పక్క ఫోల్డర్లలో ఉంటుంది. ఎంటీఎస్ ఫైళ్లు మాత్రమే ఏరుకుంటే అతుకుల దగ్గర మంత్రం తెగుతుంది.

5. అను ఫాంట్ల టైటిళ్లను బొమ్మలుగా దాచుకోండి

ఇది మన తెలుగువాళ్లకే వచ్చే చిక్కు. పాత పెళ్లి ప్రాజెక్టు కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే, ‘శుభలగ్నం’ ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ, వింత గుర్తులూ కనపడతాయి. ప్రాజెక్టు పాడైందని బెంబేలెత్తుతారు. పాడవలేదు. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని మెషీన్‌లో ఆ అక్షరాలకు అర్థం లేదు. అప్పుడు వాడిన ఫాంటే మళ్లీ ఎక్కిస్తే తెలుగు తిరిగొస్తుంది. ఇకముందు టైటిళ్లు యూనికోడ్‌లో టైపు చేయండి. పాతవాటిని నేపథ్యం లేని పీఎన్‌జీ బొమ్మలుగా ప్రాజెక్టు పక్కనే దాచుకోండి. పెళ్లికొడుకు తాతగారి ఇంటిపేరు మళ్లీ ఎవరినీ అడిగే అవసరం రాదు.

6. కరెంటునూ, తొందరనూ నమ్మకండి

ఎండాకాలం మన పల్లెల్లో ఓల్టేజీ ఎలా ఊగుతుందో చెప్పక్కర్లేదు. యూపీఎస్ లేకుండా ఎడిటింగ్ పెట్టుకోవద్దు. ఉన్న యూపీఎస్‌లో బ్యాటరీ బతికుందో లేదో అప్పుడప్పుడు ప్లగ్గు పీకి చూడండి. బయటి డిస్కును తెరమీద ‘సేఫ్లీ రిమూవ్’ చెప్పకుండా లాగకండి. మ్యాక్‌కూ విండోస్‌కూ పనికొస్తుందని ఎగ్జాఫాట్‌లో ఫార్మాట్ చేసుకున్న డిస్కులకు ఈ జాగ్రత్త మరీ అవసరం. మధ్యలో తెగిన పనిని సరిదిద్దుకునే జర్నలింగ్ దానికి లేదు. ఎన్‌టీఎఫ్ఎస్‌కు ఉంది.

బందరు, నాగాయలంక వైపు ఉప్పుగాలికి యూఎస్‌బీ పిన్నులు చిలుం పడతాయి. డిస్కు పోయిందనుకునే ముందు వైరు మార్చి చూడండి.

7. తడిసినదాన్ని ఆడించి చూడకండి

మనది నీళ్ల దేశం. 1864 నవంబరు తుపానులో బందరు ప్రాంతంలో ముప్పై వేల మంది పోయారని చరిత్ర. 1977 నవంబరు 19 ఉప్పెనకు దివిసీమలో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీకి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. 2024 సెప్టెంబరులో అంతకన్నా ఎక్కువగా 11.43 లక్షలు వచ్చింది. అదే వారంలో బుడమేరు విజయవాడను ముంచింది.

వరద తగ్గాక ఒక లంక గ్రామం నుంచి ఒకావిడ వీహెచ్ఎస్ కేసెట్టు తువ్వాలులో చుట్టి తెచ్చింది. “బాబాయ్ గారూ, బొమ్మ రాకపోయినా ఫరవాలేదండి. మా నాన్న మాట ఒక్కటి వస్తే చాలండి” అంది. కేసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లటి బూజు, మూలన ఎండిన ఒండ్రు. అలాంటిదాన్ని వీసీఆర్‌లో పెడితే హెడ్డు మూసుకుపోతుంది. ఆ బూజు తర్వాత పెట్టే కేసెట్లకూ అంటుతుంది. అడుగున ఉన్న ఐదు స్క్రూలు విప్పి, చక్రాలు బయటికి తీసి, శుభ్రమైన నీళ్లతో ఒండ్రు వదిలించి, నీడలో ఆరబెట్టి, మెత్తటి పొడిబట్ట మధ్య టేపును నెమ్మదిగా నడిపించి, మంచి డొక్కులోకి మార్చి అప్పుడు పెట్టాను. బొమ్మ కింద గీతలొచ్చాయి. అప్పగింతల్లో ఆయన, “అమ్మాయిని జాగర్తగా చూసుకోండి బావగారూ” అన్న మాట మాత్రం స్పష్టంగా వచ్చింది. ఆ ఒక్క ముక్క మూడుసార్లు వేయించుకుని వెళ్లింది.

బురదనీటిలో మునిగిన టేపును అలాగే ఎండనివ్వకూడదు. మురికి గట్టిపడేలోపు కడగాలి. ఎండలో పెట్టొద్దు, డ్రయ్యరు కొట్టొద్దు, ఫ్రిజ్‌లో గడ్డకట్టించొద్దు. హార్డ్‌డిస్కయితే విప్పొద్దు, కరెంటివ్వొద్దు. బియ్యం డబ్బాలో పెడితే బాగవుతుందనేది వట్టి మాట. తడి తడిగానే ప్లాస్టిక్ సంచిలో మూసి ల్యాబుకు పంపాలి.

తడవని టేపులకూ గడువు దగ్గరపడింది. వీసీఆర్లు చేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016లో తయారీ ఆపేసింది. మినీడీవీ టేపు ఎక్కించుకోవాలంటే ఫైర్‌వైర్ ఉన్న పాత కంప్యూటరు వెతుక్కోవాలి. గంట టేపుకు 13 జీబీ దాకా పడుతుంది, అంతే. ఇంట్లో ఉన్నవి ఈ ఏడే ఎక్కించేయండి.

8. వియ్యాలవారిని అడగడానికి మొహమాటపడకండి

వీహెచ్ఎస్ రోజుల్లో రెండు కేసెట్లు ఇచ్చేవాళ్లం, ఆడపిల్లవారికొకటి, మగపిల్లవారికొకటి. తర్వాత డీవీడీలూ అంతే. దివిలో తడిసిపోయిన పెళ్లి గుడివాడలో వియ్యంకుడి బీరువాలో పొడిగా ఉండవచ్చు. హైదరాబాద్ అల్లుడి దగ్గర ఉండవచ్చు, డల్లాస్‌లో మేనకోడలు తీసుకెళ్లిన పెట్టెలో ఉండవచ్చు. ల్యాబుకు డబ్బు కట్టే ముందు నాలుగు ఫోన్లు చేయండి. దొరికితే ఫోనులో తెరను వీడియో తీసి పంపమనకండి. ఫైలుగా కాపీ చేసి, వాట్సాప్‌లో అయితే డాక్యుమెంటుగా పంపమనండి. మామూలు వీడియోగా పంపితే నలిగి పోతుంది.

9. నీళ్లు ఒకేసారి చేరని చోట్లలో పెట్టండి

మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది. మన ప్రాంతానికి దీన్ని కొంచెం బిగించుకోవాలి. స్టూడియో బందరులో, రెండో కాపీ అవనిగడ్డలో బావమరిది ఇంట్లో అంటే రెండు చోట్ల ఉన్నట్టు కాదు. ఒకే తుపాను రెంటినీ తడుపుతుంది. గుడివాడ వైపు వాళ్లకు బుడమేరు, కొల్లేరు ఉండనే ఉన్నాయి. మూడో కాపీ హైదరాబాద్‌లోనో, ఇంకా దూరాన పిల్లల దగ్గరో ఉండాలి. పంపలేకపోతే క్లౌడ్‌లో పెట్టాలి. ఇంట్లో ఉండే కాపీ అటక మీద కాక మేడమీద గదిలో, మూత బిగుతైన డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉండాలి. బందరు పోర్టులో మూడో నంబరు ఎగరేశారని వినగానే పట్టాదారు పాసుపుస్తకాల సంచిలోనే డిస్కూ పడాలి.

వేరే చోట కాపీ ఎంత పనిచేస్తుందో పిక్సార్‌వాళ్లను అడగాలి. 1998లో ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్లను ఎవరో పొరపాటు కమాండుతో చెరిపేశారు. బ్యాకప్ తీస్తే అది సరిగా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. చంటిబిడ్డ ఉందని ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ అనే ఆవిడ కంప్యూటర్‌లో సినిమా కాపీ ఉంది. దాన్ని దుప్పట్లో చుట్టి కారులో స్టూడియోకు తెచ్చుకున్నారు.

గూగుల్ ఫొటోస్‌లో ఉందిలే అని వదిలేయకండి. లెక్కలేనంత ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ఆగిపోయింది. రెండేళ్లు వాడని ఖాతాలను తీసేసే నియమం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. పెద్దాయన పోయాక ఆయన ఫోను మూల పడేస్తారు, అందులోని మనవళ్ల వీడియోలు ఖాతాతోపాటే పోతాయి. తమ తర్వాత ఎవరికి అందాలో ఆ ఖాతాలోనే రాసిపెట్టుకునే వీలుంది. బతికుండగానే చేయించండి.

10. ఆషాఢంలో డిస్కుల పని పెట్టుకోండి

ముహూర్తాలుండవు, కుర్రాళ్లు ఖాళీగా ఉంటారు. వరదలకు నెలో రెండు నెలలో, తుపాన్లకు మూడు నాలుగు నెలలో వ్యవధి ఉంటుంది. ప్రతి డిస్కునూ తీసి పెట్టి, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో ఆరోగ్యం చూడండి. పసుపు రంగు చూపిస్తే ఆ రోజే కొత్తదానికి మార్చేయండి. కాపీ చేసేటప్పుడు టెరాకాపీ లాంటిదానితో సరిపోల్చుకోండి. ప్రతి డిస్కులోనూ ఏదో ఒక పెళ్లి తెరిచి మధ్యలోంచి చూడండి. ఆడించి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ కింద లెక్కపెట్టకండి. ఏళ్ల తరబడి బీరువాలో ఉండేదానికి హార్డ్‌డిస్కు వాడండి, ఎస్ఎస్‌డీని రోజువారీ పనికి ఉంచుకోండి. ఫోల్డర్లకు సంవత్సరం, ఊరు, ఇంటిపేరు, వేడుక, ఈ వరసలో పేరు పెట్టండి. ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’ అని పెట్టినవాటిలో ఏది అసలైనదో వచ్చే ఏడు మీకే తెలియదు.

11. ఎన్నాళ్లు దాస్తారో బిల్లు మీదే రాయండి

పదేళ్ల తర్వాత వచ్చి, “మా పెళ్లి మీ దగ్గర ఉంటుందనుకున్నామండి” అంటారు. వాళ్ల తప్పు లేదు, మనం చెప్పలేదు. డెలివరీ రోజున పూర్తయిన వీడియోతోపాటు ముడి ఫుటేజీ కూడా వాళ్ల సొంత డిస్కులో వేసివ్వండి. పూర్తయిన వీడియోను ఏ మెషీన్‌లోనైనా ఆడే ఎంపీ4గా, నాణ్యత తగ్గించకుండా తీయండి. బిల్లు మీద మూడు ముక్కలు రాయండి: మా దగ్గర ఫలానా తేదీ వరకే ఉంటుంది, ఆ తర్వాత కావాలంటే ఏటా ఇంత కట్టాలి, ఈ డిస్కుకు ఇంకో కాపీ తీసి వేరే ఊళ్లో ఉంచుకోండి. వాళ్లచేత చదివించి, సంతకం పెట్టించుకోండి.